ఆంధ్ర నాటక పితామహుడు - ధర్మవరం రామకృష్ణమాచార్యులు

తెలుగు నాటకం పుట్టుకను గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా మేము కోనసీమ నుండే కథ ప్రారంభిస్తాము. ఇందులో స్థలాభిమానం కొంత లేకపోలేదు గాని, కారణం కూడా ఉన్నది. కేశనకుర్రు గ్రామంలో 1816లో జన్మించి, బందరు నోబుల్ కళాశాలలో పండితులుగా పనిచేసిన కోరాడ రామచంద్రశాస్త్రి గారు 1860 ప్రాంతంలో మంజరీ మధుకరీయమనే నాటకం రచించారు. తెలుగు స్వతంత్ర నాటకాలలో అదే మొదటిదని పండితుల లెక్క. అయితే అది చదువుకొనే గ్రంథంగానే నిలిచిపోయినది. ఆ తరువాత 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ శిష్యుల చేత వ్యవహార ధర్మబోధినిని ఆడించినప్పుడు తెలుగు మాట రంగస్థలం ఎక్కినది. ఈ విధంగా నాటకం వ్రాయబడడమూ, నాటకం ఆడబడడమూ రెండూ గోదావరి గాలికి తెలిసినవే. కాని ఒక మనిషి తానే ఒక సమాజాన్ని నెలకొల్పి, ఆ సమాజం కోసమే ఒకదాని వెనుక ఒకటిగా నాటకాలు వ్రాసి, వాటిలో తానే ముఖానికి రంగు పూసుకొని నిలబడి, పాతికేళ్ళు ఆ బరువును మోయడం మాత్రం అప్పటికి ఇక్కడ జరుగలేదు. అది ఇక్కడికి ఎంతో దూరాన, నీటిచుక్కకు కరవైన రాయలసీమ అంచున, బళ్ళారిలో జరిగినది. ఆ మనిషి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు.

ఆచార్యులవారు 1852లో అనంతపురం జిల్లా ధర్మవరంలో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి లక్ష్మీదేవమ్మ. పండిత కుటుంబం. సంస్కృతాంధ్రాలు ఇంటి విద్య. ఇంగ్లీషు పాఠశాల విద్య. కన్నడం ఆ ప్రాంతపు వీథి భాష. చదువు ముగించి బళ్ళారిలో న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డారు. చివరివరకు ఆయనకు అన్నం పెట్టినది ఆ వృత్తియే, నాటకం కాదు. ఈ విషయాన్ని చదువరులు గుర్తుంచుకొనవలెను. ఆయన నాటకాలలో న్యాయస్థానపు నీడ ఎంతగా పరచుకొని ఉన్నదో ముందు చెప్పబోతున్నాము.

ఆనాటి బళ్ళారిని కొంచెం ఊహించుకొందాము. 1800 సంవత్సరంలో నిజాం నవాబు ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన జిల్లాలలో అది ఒకటి. మద్రాసు రాజధానిలో భాగం. దండు ఉన్న ఊరు. బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినవచ్చేవి; ఒకే బేరంలో నాలుగు భాషలు దొర్లినా ఆశ్చర్యపడేవారు లేరు. ధారవాడ నాటక సమాజాలవారు ఊరూరా తిరుగుతూ నాటకాలాడుతున్న కాలమది. వారు తెరలు దించి, దీపాలు పెట్టి, హిందూస్తానీ వరుసలలో పాటలు పాడుతూ ఉంటే జనం వేలం వెర్రిగా పోయి చూసేవారు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారిని కదిలించినదీ, బళ్ళారిలో ఆచార్యులవారిని కదిలించినదీ ఈ గాలియే. పరాయివారు వచ్చి మన ఊరిలో ఆడిపోతున్నారు, మనకేమి తక్కువ అనే పౌరుషం రెండు చోట్లా పుట్టినది.

1886లో ఆచార్యులవారు సరస వినోదినీ సభను స్థాపించారు. ఇక్కడ ఒక చిత్రమున్నది. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకొంటున్న ఈయన ఆ సభ కోసం మొట్టమొదట వ్రాసినది తెలుగు నాటకం కాదు. స్వప్నానిరుద్ధమనే కన్నడ నాటకం. ఆ తరువాతనే తెలుగు వైపు తిరిగి చిత్రనళీయం వ్రాశారు. 1887 జనవరి 29వ తేదీన అది ప్రదర్శింపబడినది. తెలుగు రంగస్థల చరిత్రలో ఆ తేదీకి ఉన్న స్థానం మిక్కిలి గొప్పది. ఎందుచేతననగా ఆ రాత్రి నుండి ఆయన మరణించే వరకు ఆయన కలమూ, ఆయన వేషమూ రెండూ ఆగలేదు. పాదుకా పట్టాభిషేకం, భక్త ప్రహ్లాద, సావిత్రీ చిత్రాశ్వం, మోహినీ రుక్మాంగద, విషాద సారంగధర, ప్రమీలార్జునీయం, పాంచాలీ పరిణయం, చిరకారి, రోషనారా శివాజీ - ఈ విధంగా సుమారు ముప్పది నాటకాలు వెలువడినవి.

రచనలో ఆయన చేసిన మార్పులు ఏకరువు పెట్టడం మా ఉద్దేశం కాదు; సాహిత్య చరిత్ర గ్రంథాలలో అవి దొరుకుతాయి. సంస్కృత మర్యాదతో పాటు ఇంగ్లీషు నాటకాలలోని అంక విభాగమూ, అంకంలో మరల రంగ విభాగమూ ఆయన తెచ్చుకొన్నారు. వచనంలో చెప్పవలసినది వచనంలో, పద్యంలో చెప్పవలసినది పద్యంలో చెప్పి, పాటలకు రాగతాళాలు నిర్దేశించారు. ఈ పాటల మీదనే ఆయనకు రావలసినంత నింద వచ్చినది. కోపమైనా పాటే, దుఃఖమైనా పాటే. బిడ్డను పోగొట్టుకొన్నవాడు కూడా రాగం తప్పకుండా ఏడవవలెనా అని తరువాతి విమర్శకులు ఆక్షేపించారు. ఆక్షేపణ న్యాయమైనదే. పద్యానికి పది నిమిషాల రాగం తీసే అలవాటు తెలుగు నాటకానికి అంటుకొని, పాత్ర పోయి గొంతు మిగలడానికి ఈ పాటలు దారి తీశాయని మేమూ ఒప్పుకొంటాము. అయినా ఒక మాట. ధారవాడ వారి సంగీతానికి అలవాటుపడిన జనాన్ని పాటలు లేని తెలుగు నాటకానికి పిలిస్తే ఎవరు వచ్చేవారు? ఆచార్యులవారు గదిలో కూర్చొని వ్రాసిన కవి కారు. తెర పక్కన నిలబడి, ముందు వరుసలో ఎవరు ఆవులిస్తున్నారో చూసిన నటుడు. ఆయన వ్రాత లోని బలమూ, బలహీనతా రెండూ అక్కడి నుండి వచ్చినవే.

ఇక ఆయన నటన. ఆయన ధరించిన పాత్రలలో ప్రసిద్ధికెక్కినవి చూడండి: చిత్రనళీయంలో బాహుకుడు, పాదుకా పట్టాభిషేకంలో దశరథుడు, విషాద సారంగధరలో రాజరాజనరేంద్రుడు. సమాజం ఆయనది. నాటకం ఆయనది. కావాలనుకొంటే దమయంతి వలచిన సుందర నలుడుగా వెలుగవచ్చును, శ్రీరాముడు కావచ్చును, యువకుడైన సారంగధరుడు కావచ్చును. ఆయన కోరుకొన్నది కర్కోటకుని కాటుకు రూపం చెడి, ఇతరుల గుర్రాలు తోలుకొంటూ, తానెవరో చెప్పుకోలేని బాహుకుని వేషం. కుమారుని అడవికి పంపి గుండె పగిలిన ముసలి తండ్రి వేషం. కుమారునికి శిక్ష విధించి ఆపైన నిజం తెలుసుకొన్న రాజు వేషం. ప్రారంభంలో ఆయన వయస్సు ముప్పది అయిదు దాటకపోవచ్చును. ఈ ఎన్నిక యాదృచ్ఛికమని మేము అనుకోము.

ఆయన నాటకాల పట్టికను మరల ఒకసారి ఈ దృష్టితో చదివితే ఒక విశేషం బయటపడుతుంది. ప్రహ్లాదుని కథలో తండ్రి కొడుకును చంపింపబూనుతాడు. రుక్మాంగదుని కథలో మోహినికిచ్చిన మాటకు కట్టుబడి తండ్రి కొడుకు మీదికి కత్తి ఎత్తవలసి వస్తుంది. దశరథుని సంగతి చెప్పనక్కరలేదు. సారంగధరుని కథ సరే సరి. మహాభారతం శాంతిపర్వం లోని చిరకారి కథలో గౌతముడు తన భార్యను చంపమని కొడుకును ఆజ్ఞాపించి వెళ్ళిపోతాడు. అన్ని కథలలోనూ ఒక తండ్రి, ఒక మాట లేక ఒక తీర్పు, దానికి బలి కావలసిన ఒక అమాయక ప్రాణం. పగలంతా న్యాయస్థానంలో వాదాలు వినిపించి, సాక్ష్యాలు ఎట్లు పుడతాయో, ఎట్లు చస్తాయో చూసిన న్యాయవాది రాత్రి వేళ వ్రాసుకొన్న కథలివి. తీర్పు చెప్పేవాడు తొందరపడితే ఏమవుతుంది? ఆయనను జీవితాంతం వెంటాడిన ప్రశ్న ఇదేనని మా విశ్వాసం.

వీటిలో సారంగధరుని కథ మన గోదావరి వారి కథ. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట అని ఒక గుట్టను చూపుతారు. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు. అతని పావురం ఎగిరి చిత్రాంగి మేడలో వాలింది. దానికోసం వెళ్ళిన యువకుని మీద చిత్రాంగి మనసు పడింది. అతడు తల్లి వరుస అని తిరస్కరించగా ఆమె రాజుకు నింద చెప్పింది. రాజు విచారణ లేకుండా కుమారుని కాలుసేతులు నరికింపజేశాడు. ఈ కథ తెలియని ముసలమ్మ గౌతమీ తీరాన గాని, వశిష్ఠ తీరాన గాని ఉండదు. (చరిత్ర వేరు. 1022 నుండి 1061 వరకు పాలించిన తూర్పు చాళుక్య రాజరాజునకు సారంగధరుడనే కుమారుడున్నట్లు శాసనాలు చెప్పవు. ఆయన కుమారుడు తరువాత చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. పాపం, నన్నయ చేత భారతం ఆంధ్రీకరింపజేసిన ఆ రాజునకు కథ ఈ అపకీర్తిని ఎందుకు కట్టబెట్టిందో!) గౌరన నవనాథ చరిత్రలోనూ, చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రలోనూ ఈ కథను చెప్పారు. గురజాడ అప్పారావు గారు 1883లోనే దీనిని ఇంగ్లీషు కావ్యంగా వ్రాశారు.

పాత కథకు ఒక ఓదార్పు ఉన్నది. అడవిలో పడి ఉన్న సారంగధరునకు సిద్ధుని కరుణ వలన అవయవాలు మరల వస్తాయి. అతడు యోగి అవుతాడు. వినేవారి మనస్సు కుదుటపడుతుంది. ఆచార్యులవారు ఈ ఓదార్పును తీసివేశారు. నాటకాన్ని దుఃఖంలోనే ముగించి, పేరులోనే విషాదమని చాటుకొన్నారు. సాహిత్య చరిత్రకారులు తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనిని పేర్కొంటున్నారు. సంస్కృత నాటక సంప్రదాయంలో మంగళాంతం నియమం. నాయకుని మరణాన్ని రంగం మీద చూపుట నిషిద్ధం. ఆ సంప్రదాయంలో పుట్టి పెరిగిన వైష్ణవ పండితుడు దానిని దాటడం సామాన్య విషయం కాదు. షేక్స్పియరును చదివిన ఫలితమని చాలమంది అంటారు. అది కొంతవరకు నిజమే. కాని అంతకన్న పెద్ద కారణం పైన మేము చెప్పినదే. నరికిన చేతులు మరల మొలుస్తాయని చెప్పినట్లయితే రాజు తీర్పుకు బరువేమున్నది? తప్పుడు తీర్పు వలన పోయినది తిరిగి రాదు. సిద్ధులు న్యాయస్థానాలకు రారు. ఈ సంగతి కవి కన్న న్యాయవాదికి బాగా తెలుసు. అందుచేతనే శిక్ష పొందిన యువకుని వేషం మరొకరికి అప్పగించి, శిక్ష విధించిన రాజు వేషం తాను ధరించారు.

దీనికి జోడుగా చిరకారిని చదవవలెను. గౌతముడు భార్య మీది కోపంతో ఆమెను చంపమని కొడుకునకు ఆజ్ఞాపించాడు. కొడుకు పేరు చిరకారి - ప్రతి పనీ ఆలస్యంగా చేసేవాడు. తండ్రి ఆజ్ఞ పెద్దదా, తల్లి ప్రాణం పెద్దదా అని ఆలోచిస్తూ కత్తి పట్టుకొని కూర్చొన్నాడు. ఇంతలో గౌతముని కోపం చల్లారి, పశ్చాత్తాపంతో పరుగెత్తుకొని వచ్చి, భార్య బ్రతికి ఉండడం చూసి కొడుకు సోమరితనాన్ని మెచ్చుకొన్నాడు. సారంగధరలో తొందర చంపినది. చిరకారిలో ఆలస్యం బ్రతికించినది. ఒకే రచయిత ఒకే ప్రశ్నకు రెండు వైపుల నుండి సమాధానం వెదకినట్లున్నది. వాయిదాల మీద వాయిదాలు కోరే న్యాయవాదులకు చిరకారి కులదైవమని ఎవరైనా పరిహసిస్తే మేము అడ్డు చెప్పము.

1891లో సరస వినోదినీ సభ మద్రాసు వెళ్ళి, అప్పటికి కొత్తగా వెలసిన విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చినది. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే పదునెనిమిదేళ్ళ తమిళ విద్యార్థి ఉన్నాడు. ఆ రోజులలో నాటకమాడడం కూలికి ఆడేవారి పని అనీ, చదువుకొన్నవారు దాని దరికి పోరాదనీ మద్రాసు పెద్దల అభిప్రాయం. బళ్ళారి నుండి న్యాయవాదులూ, ఉద్యోగులూ వచ్చి, డబ్బు కోసం గాక నాటకం కోసం వేషాలు వేయడం ఆ యువకునికి కనువిప్పు అయినది. ఆ సంవత్సరమే మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించాడు. తరువాతి కాలంలో అతడు కూడా న్యాయవాది అయి, న్యాయాధిపతి అయి, ఎన్నో తమిళ నాటకాలు వ్రాసి, వాటిలో తానే నటించి, ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుడనిపించుకొన్నాడు. తమిళంలో సారంగధర నాటకం కూడా వ్రాశాడు. మన గోదావరి గుట్ట మీది కథ బళ్ళారికి పోయి విషాదమై, మద్రాసుకు పోయి తమిళమైనది. ఇరుగుపొరుగు భాషల మధ్య అప్పులిట్లు నడిచినవి. బళ్ళారి వారు ధారవాడ నుండి తీసుకొన్నది మద్రాసుకు వడ్డీతో చెల్లించారు.

బళ్ళారిలో ఆచార్యులవారు ఒంటరిగా లేరు. ఆయనకు దీటైన మరొక న్యాయవాది, మరొక నాటకకర్త, కోలాచలం శ్రీనివాసరావు గారు అక్కడనే ఉన్నారు. ఆయన అండతో సుమనోరమ సభ నడిచినది. ఆచార్యులవారు పురాణాల వైపు మొగ్గితే శ్రీనివాసరావు గారు చరిత్ర వైపు మొగ్గారు. ఒకే ఊరిలో రెండు సభలు, ఇద్దరు రచయితలు. పోటీ ఉండకుండా ఎట్లుంటుంది? ఆ పోటీ తెలుగు నాటకానికి మేలే చేసినదని మా అభిప్రాయం. ఆచార్యులవారి సోదరుడు గోపాలాచార్యులు గారు కూడా నాటకకర్తయే. ఆయన వ్రాసిన రామదాసు నాటకం బహుళ ప్రచారం పొందినది.

1912 నవంబర్ 30వ తేదీన రామకృష్ణమాచార్యులు గారు కాలధర్మం చెందారు. అరువది ఏళ్ళ జీవితం. అందులో పాతికేళ్ళ నాటకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయినది. కన్నడంలో తొలి నాటకం వ్రాసి తెలుగు నాటకానికి పితామహుడైన మనిషి ఈ పంపకాన్ని చూడకుండా పోవడం ఒక విధంగా మంచిదే అయినది.

ఆయనకు నిజమైన వారసుడు మేనల్లుడు బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో జన్మించిన రాఘవ గారు కూడా న్యాయవాదియే. ఆ కుటుంబానికీ, ఆ ఊరికీ న్యాయవాదమూ నాటకమూ కవల పిల్లలు కాబోలు. ఆ మేనల్లుడు శ్రీనివాసరావు గారి రామరాజు చరిత్రలో పఠాను రుస్తుం పాత్ర ధరించి ప్రఖ్యాతి పొందాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టాడు. 1928లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి రంగస్థలాన్ని చూసి వచ్చాడు. మేనమామ నాటకానికి అద్దిన పాటలను మేనల్లుడే తగ్గించాడు. రాగం కన్న ముఖం ముఖ్యమనీ, గొంతు కన్న మౌనం ముఖ్యమనీ ఆయన మతం. ఇది మేనమామకు చేసిన అపచారమని కొందరనుకొన్నారు.

కాని రాఘవ గారికి పేరు తెచ్చిన పాత్రలలో ఒకటి మేనమామ వ్రాసిన ప్రహ్లాద నాటకంలోని హిరణ్యకశిపుడు. ఆ పాత్రను కేవలం గర్జించే రాక్షసునిగా గాక, కొడుకును ప్రేమిస్తూనే శిక్షించవలసి వచ్చిన తండ్రిగా ఆయన పోషించాడని ప్రసిద్ధి. పాటలు పోయినవి. తండ్రి మిగిలాడు.